హాలంతా నవ్విన మాట

మొన్న దోహాలో ఒక పెద్ద హోటలు హాలు ముందు, చిన్న కాగితం గిన్నెలో కొరియావాళ్ళ పుల్లటి క్యాబేజీ పచ్చడి నాలుగు ముక్కలు వేసి నా చేతిలో పెట్టి, కాగితం పూల చట్రం వెనక నిలబెట్టి, రెండు వేళ్ళతో గుండె గుర్తు చూపిస్తూ ఫొటో దిగమంది ఒక అమ్మాయి. ఆ పచ్చడి మీద నాకు ఏ కోపమూ లేదు. మీలో చాలామంది దాని పేరైనా వినని రోజుల్లోనే నేను దాన్ని జాడీలకొద్దీ చూశాను, వాసనకి మొదట ముక్కు మూసుకుని, తరవాత అన్నంలో నంజుకుని, ఆ తరవాత మన గోంగూర ఇచ్చి బదులుగా అడిగి తెచ్చుకున్నాను కూడా. కానీ డెబ్బయ్యో ఏటి గడప మీద ఉన్నదాన్ని పట్టుకుని గుండె గుర్తు పెట్టమంటే ఒళ్ళు మండింది. మా కోడలు మాత్రం నా పక్కన నిలబడి చక్కగా పెట్టేసింది. మంచి పిల్లే, నన్ను బాగా చూసుకుంటుంది, కాదనను, కానీ ఏడాదిగా దానికి కొరియా పిచ్చి పట్టింది, ఆ సీరియళ్ళు చూసి చూసి, పిల్లాణ్ణి బడికి తొందరపెట్టేటప్పుడు కూడా కొరియా మాటే వాడుతోంది. ఆ మాట సంగతి తరవాత చెబుతాను, నేను చెప్పబోయేదంతా దాని చుట్టూ తిరిగేదే.

మేము వెళ్ళింది ఒక కొరియా డాక్యుమెంటరీకి. పాత ఫిలిం ముక్కలు దొరికితే శుభ్రం చేసి, కుట్టి, దేశదేశాలు తిప్పి చూపిస్తున్నారట, ఇప్పుడు ఖతార్ వంతు వచ్చింది. మామూలుగా అయితే నేను కదిలేదాన్ని కాదు, మా వారిలాగే మోకాళ్ళ నొప్పుల పేరు చెప్పి తప్పించుకునేదాన్ని. కానీ కోడలు తన ఫోనులో ఆహ్వానం చూపించింది. అందులో ఇసుక మధ్య ఒక రేకుల షెడ్డు, ముందు నీళ్ళ ట్యాంకు, ట్యాంకు మీద ఎర్రరంగు కొరియా అక్షరాలు. ఆ షెడ్డు మా క్యాంపు మెస్సు. నేను ఆ బొమ్మ చూసి కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసి, జగిత్యాల దగ్గర ఒక పల్లెలో ఉన్న ఒకావిడకి నేనిచ్చిన మాట గుర్తొచ్చి, లేచి చీర మార్చుకున్నాను. ఆవిడ భర్త ఆ క్యాంపులో పని చేస్తూ చనిపోయాడు, ఎలా చనిపోయాడో ఆవిడ తమ్ముడు కెమెరా ముందు చెప్పాడు. ఆ సినిమా ఎప్పుడు నా కంటపడినా, తన తమ్ముడి మాట తన చెవిన పడేలా చూస్తానని ఆవిడకి చెప్పి ఉన్నాను.

ఆ రోజుల గురించి కొంచెం చెప్పాలి. ఇప్పుడు మా అబ్బాయి కాపురం ఉంటున్న, మేము కొన్నాళ్ళుండడానికి వచ్చిన అల్ వుకైర్‌లో విల్లాలూ, సూపర్ మార్కెట్లూ, పిల్లల సైకిళ్ళూ ఉన్నాయి గానీ, మేము కొత్తగా వచ్చినప్పుడు అక్కడ ఒంటెలు తప్ప వేరే సంసారం లేదు. అక్కడికి కొంచెం ఎగువన కొరియా కంపెనీ ఒకటి రోడ్డు పనికి వచ్చి క్యాంపు వేసింది, మా వారు ఆ క్యాంపు మేనేజరు, అందరూ క్యాంప్ బాస్ అనేవారు. బాస్ అని పేరే గానీ ఆయన పని నీళ్ళ ట్యాంకరు రాలేదని ఫోన్లు చేయడం, కూలర్లు చెడిపోయాయని తిట్లు తినడం. స్టాఫ్ కుటుంబాలకి క్యాంపు చివర రెండు గదుల పోర్టా క్యాబిన్లు ఇచ్చారు. నా పక్కింటావిడ ఒక కొరియా ఇల్లాలు, ఆవిడ భర్త ఇంజినీరు, మా అందరికంటే వయసులో పెద్ద, అందుకని మేమంతా ఆయన్ని పెద్దాయన అనేవాళ్ళం. ఆవిడకి ఇంగ్లీషు రాదు, నాకు కొరియన్ రాదు, అయినా నాలుగేళ్ళు పప్పు గిన్నెలు, పచ్చడి గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి.

క్యాంపులో మూడు భాషల్లో ఒకటే మాట వినిపించేది. అరబ్బు సూపర్‌వైజర్లు యల్లా యల్లా అనేవారు, హిందీవాళ్ళు జల్దీ జల్దీ అనేవారు, కొరియావాళ్ళు ప్పల్లి ప్పల్లి అనేవారు. మూడింటికీ అర్థం ఒకటే, తొందరగా కానివ్వమని. ఇందులో మూడోది మన కరీంనగర్ వైపు కుర్రాళ్ళ చెవిన ఎలా పడిందంటే, కొత్తగా వచ్చిన ఒక బావా బావమరుదులని మొదటి రోజే కొరియా ఫోర్‌మాన్ ప్పల్లి ప్పల్లి అని అదిలిస్తే, ఊరి పేరు అడుగుతున్నాడనుకుని, బావగారు చేతులు కట్టుకుని, రేగులపల్లి సార్, అన్నాడట. ఫోర్‌మాన్ ఇంకా గట్టిగా ప్పల్లి ప్పల్లి అంటే, సరిగ్గా వినపడలేదేమో అని ఇద్దరూ కలిసి, రేగులపల్లి, జగిత్యాల తాలూకా, అని అరిచారట. క్యాంపంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ నవ్వు మంచి నవ్వు, ఆ ఫోర్‌మాన్ కూడా అసలు సంగతి తెలిశాక నేల మీద కూర్చుని నవ్వాడని మా వారు చెప్పారు. ఆ తరవాత వాళ్ళిద్దరికీ పల్లి అన్నదే పేరైపోయింది, పెద్ద పల్లి, చిన్న పల్లి. చిన్న పల్లి నన్ను అక్కా అని పిలిచేవాడు, నేనూ తమ్ముడనే అనుకున్నాను, ఇక్కడా అలాగే అంటాను.

వాళ్ళ బావ, అదే పెద్ద పల్లి, ఊళ్ళో తాళ్ళెక్కి కల్లు గీసిన మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. తాటిచెట్టు ఎక్కేటప్పుడు నడుముకి వేసుకునే మోకుని ఎలా లాగి చూసుకుంటారో, ఇక్కడ ఇనుప గొట్టాల పరంజా మీద పలకలు కట్టిన తాళ్ళని కూడా అలాగే లాగి చూసుకునేవాడట. ఒకసారి మా గది మీద రేకు ఎగిరిపోతే వేయడానికి వచ్చి, నేను తెచ్చిన నిచ్చెనని నాలుగు వైపులా కదిపి చూసి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపి, వెళ్ళి వేరే నిచ్చెన తెచ్చుకున్నాడు. ఆ నిచ్చెన మీద నేను రోజూ ఎక్కి బట్టలారేసుకునేదాన్ని. ఎంత పిరికివాడో అని అప్పుడు నవ్వుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నాలు మెస్సులో సినిమా ఉండేది. కొరియా కంపెనీ వాళ్ళ దేశం నుంచి రీళ్ళు తెప్పించేది, అన్నీ డాక్యుమెంటరీలే, హీరోలూ పాటలూ లేనివి. వాళ్ళ రోడ్లు, వాళ్ళ కొండల్లో ఊళ్ళు, మంచులో ముల్లంగి తవ్వడం, ఇటువంటివి. కిటికీలకి దుప్పట్లు కట్టి, గోడకి తెల్ల దుప్పటి కట్టి, పెద్దాయన స్వయంగా మెషీను తిప్పేవాడు. సినిమాలో మాటలు కొరియన్‌లో ఉండేవి, కింద అక్షరాలేమీ ఉండేవి కావు, పెద్దాయన తనకొచ్చిన ఇంగ్లీషులో ఒక ముక్క చెబితే మా వారు దాన్ని హిందీ చేసేవారు. మా ఆడవాళ్ళకి వెనక నాలుగు కుర్చీలు. ముందంతా చాపల మీద మన తెలుగువాళ్ళు, నేపాలీలు, బంగ్లావాళ్ళు, డ్యూటీ బట్టలుతికి ఆరేసుకుని వచ్చి కూర్చునేవారు.

వాటిలో ఒకటి నేను చచ్చేదాకా మరచిపోను. ఒక కొరియా పల్లెలో ఒక ముసలమ్మ, కొడుకు ఎడారి దేశం పనికి వెళ్ళాడు. ఆవిడ రోజూ అన్నం వండగానే ముందు కొడుకు గిన్నెలో పెట్టి, మూత పెట్టి, చలికి చల్లారిపోకుండా వెచ్చటి నేల మీద బొంత కింద దాస్తుంది. కొడుకు రాడని తెలుసు, అయినా దాస్తుంది, సాయంత్రం తీసి తనే తింటుంది. మర్నాడు మళ్ళీ అంతే. అది చూస్తుండగా మా వారు హిందీలో చెప్పబోతే చాపల మీద నుంచి ఎవరో, వద్దు సార్, మాకు సమజైతుంది, మీరు కూసోండ్రి, అన్నారు. మా వారు కూర్చున్నారు. తెర మీద ఆవిడ నిట్టూర్చి అయిగో అంటే మనవాళ్ళకది అయ్యో అనే వినబడింది. వెనక నుంచి చూస్తున్న నాకు వాళ్ళ మొహాలు కనబడలేదు గానీ, వరసగా భుజాలు కదలడం కనబడింది. సినిమా అయ్యాక పెద్ద పల్లి బయట నీళ్ళ ట్యాంకు దగ్గర మొహం కడుక్కుంటూ, గా ముసలమ్మ మా అమ్మ లెక్కనే ఉన్నది, అని ఎవరితోనూ కాకుండా అన్నాడు. పెద్దాయన ఆ రీలు తీసి డబ్బాలో పెడుతూ, మీవాళ్ళకి ఎలా అర్థమైంది అని మా వారిని ఇంగ్లీషులో అడిగితే, ఈయన, బాగుంది సార్ సినిమా, అన్నారు.

ఆ ఏడాదే పెద్ద పల్లి పడిపోయాడు. వంతెన కింద పరంజా, ఎండ దిగకముందే పని అయిపోవాలని పైనుంచి ఒత్తిడి. పలక కట్టు వదులుగా ఉందని అతను ఎక్కకుండా ఆగాడు. ఎక్కమని అరిచినవాడు కొరియావాడు కూడా కాదు, కొత్తగా ఫోర్‌మాన్ అయిన మా గోదావరి జిల్లా వాడే. పెద్దవాళ్ళ ముందు మెప్పు కోసం అప్పటికి అందరూ కొరియా మాట వాడటం మొదలుపెట్టారు. ఎక్కాడు, పలక జారింది, అంతే. ఆ మధ్యాహ్నం మా వారు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. కంపెనీ అతని నిర్లక్ష్యమే అని రాసుకుంది. ఊరు ఇంకో అడుగు ముందుకు వేసింది. కల్లు గీసినవాడు కదా, దుబాయ్‌ల గూడ తాగి పడ్డడు, అని శవం ఊరు చేరకముందే అనేసుకున్నారట. మా క్యాంపులో మందు చుక్క దొరకదని, ఖతార్ దుబాయ్ కాదని, అక్కడ ఎవరికి చెప్పాలి? పోయినవాడి భార్యకి మొగుడు పోయిన దుఃఖం ఒకటి, మొగుడు తాగుబోతు అన్న మాట ఒకటి, గోరుచుట్టు మీద రోకటి పోటు. పెళ్ళిళ్ళలో, చావుల్లో, బస్సులో, ఎక్కడ నలుగురు చేరినా ఆ మాట ఆవిడ వెనక నడిచింది.

తరవాత కొన్నాళ్ళకి కొరియా నుంచి సినిమా తీసేవాళ్ళు వచ్చారు, భుజం మీద బండెడు కెమెరా పెట్టుకుని. తమవాళ్ళు ఎడారిలో ఎలా పని చేస్తున్నారో తీసి ఊరూరా, ఇతర దేశాల్లోనూ చూపిస్తారని పెద్దాయన చెప్పాడు. కూలీల్లో కూడా ఒకరిని మాట్లాడిద్దామని ఆయనే అన్నాడు, చిన్న పల్లిని పిలిపించాడు. మా వారు ఆ వేళ జ్వరంతో ఉన్నారు, అందుకని దుబాసీ పని నాకు పడింది. మెస్సులో బల్ల మీద కూర్చోబెట్టారు మా తమ్ముణ్ణి. పెద్దాయన ఇంగ్లీషులో అడిగితే నేను తెలుగులో అడిగాను, కొరియన్‌లో నీకేం మాటలు వచ్చు అని. తమ్ముడు నవ్వి, మొదటి రోజు ఊరి పేరు చెప్పిన సంగతి చెప్పాడు. అక్కడిదాకా అందరూ నవ్వారు. అప్పుడు తమ్ముడి మొహం మారింది.

ఆ మాటలు నేనే ఇంగ్లీషు చేశాను కాబట్టి నాకు ఇప్పటికీ కంఠతా ఉన్నాయి. “మా బావ తాళ్ళెక్కినోడు, మోకు సూసుకోకుంట కాలు పెట్టడు. పలక కట్టుకుంట సార్, ఆగుండ్రి, అన్నడు. పల్లి పల్లి అన్నరు. ఎక్కిండు. మా ఊర్ల తాగి పడ్డడంటున్నరు. తాగలే. మా బావ తాగలే. అక్కా, గీ మాట సిన్మల పెట్టుమను.” నేను ఒక్క ముక్క వదలకుండా చెప్పాను, చివర ముక్కతో సహా. పెద్దాయన దాన్ని కొరియన్‌లో చెప్పేసరికి కెమెరా మోసే మనిషి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తమ్ముడు లేచి వెళుతూ, ఇది యాడ సూపిస్తరక్కా, అని అడిగాడు. అన్ని దేశాల్లో అన్నాను. అయితె సాలు, అన్నాడు.

ఆ ధీమాతోనే ఊరికి సెలవు మీద వెళ్ళినప్పుడు వాళ్ళక్కకి చెప్పాడు, అన్ని దేశాల్లో చూపిస్తారు, బావ తాగలేదని అందరికీ తెలుస్తుంది అని. ఆవిడ దాన్ని పట్టుకుని బతికింది. రోడ్డు పని అయిపోయింది, క్యాంపు ఎత్తేశారు, పెద్దాయన కుటుంబం వెళ్ళిపోయింది, మేము అల్ హిలాల్‌లో అద్దె ఇంట్లో చాన్నాళ్ళుండి చివరికి కాకినాడ చేరాం. ఆ సినిమా మాత్రం ఎక్కడా కనబడలేదు. తమ్ముడు నాలుగేళ్ళ క్రితం గుండెనొప్పితో పోయాడు. అతని ఫోను వాళ్ళక్క దగ్గరే ఉంది, అప్పుడప్పుడు ఆ నంబరు నుంచి నాకు ఫోను వస్తుంది, అక్కా బాగున్నరా, అంటుంది, రెండో మాట, గా సిన్మ దొర్కిందా, అని. లేదు చెల్లీ అని చెప్పీ చెప్పీ నాకే సిగ్గేసేది.

ఇంక హాలు సంగతి. నిండా జనం, ఎక్కువగా కుర్రవాళ్ళే, మనవాళ్ళు, ఫిలిప్పీన్‌వాళ్ళు, అరబ్బు అమ్మాయిలు, అందరి చేతుల్లో ఫోన్లు వెలుగుతూనే ఉన్నాయి. ఎవరూ వద్దనలేదు, పైగా తీసి నలుగురికీ పంచమని వేదిక మీద నుంచి చెప్పారు. కోడలికి నా మాట ముందే చెప్పి ఉంచాను, మెస్సు కనబడగానే ఫోనులో పట్టాలి అని. సినిమాలో ఇసుక వచ్చింది, రోడ్డు వచ్చింది, పెద్దాయన పడుచుదనంలో ఉన్న ఫొటో ఒకటి వచ్చింది, చూసి నాకు సంతోషం వేసింది. కింద ఇంగ్లీషు అక్షరాలు, వాటి కింద అరబ్బీ అక్షరాలు. తరవాత మెస్సు వచ్చింది, బల్ల మీద మా తమ్ముడు, ఎండిన పెదాలు, నూనె రాసి దువ్వుకున్న జుట్టు. నేను కోడలి మోచెయ్యి పట్టుకున్నాను.

తమ్ముడు తెలుగులో మాట్లాడుతున్నాడు, ప్రతి మాటా స్పష్టంగా వినబడుతోంది. కింద అక్షరాలు ఏమంటున్నాయంటే, మాకు కొరియా నేర్పిన మొదటి మాట తొందర, ఆ స్ఫూర్తితోనే మేము ఎడారిలో రోడ్డు వేశాం, ఇక్కడ చాలా సంతోషంగా ఉన్నాం అని. నేను కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చదివాను, నాకే చూపు తప్పిందేమో అని. పైన తమ్ముడు, కట్టుకుంట సార్, ఆగుండ్రి అన్నడు, అంటున్నాడు. కింద సంతోషం. తరవాత అతను పల్లి పల్లి అన్నాడు. సీరియళ్ళలో రోజూ వినే మాట ఒక నల్లటి కూలీవాడి నోట వచ్చేసరికి హాలంతా ఘొల్లున నవ్వింది. కొందరు చప్పట్లు కొట్టారు, వెనక నుంచి ఎవరో ఆ మాటే అరిచారు, మళ్ళీ నవ్వు. ఆ నవ్వులో ఎక్కిండు అన్న మాట కలిసిపోయింది. తాగలే అన్నప్పుడు కూడా ఇంకా కొందరు నవ్వుతూనే ఉన్నారు. ఛీ, అని పైకే అన్నాను, పక్క కుర్చీ అమ్మాయి నా వైపు చూసింది, నేనూ చూశాను.

సినిమా అయ్యాక ప్రశ్నలడగమన్నారు. నేను లేచాను. నాది పాతకాలపు కాలేజీ ఇంగ్లీషు, మెల్లగా వచ్చినా తిన్నగా వస్తుంది. ఆ మనిషి మాట్లాడింది తెలుగు, అతను అన్నది ఇది అని, పలక సంగతి, బావ సంగతి, తాగలేదన్న సంగతి అన్నీ చెప్పాను. వేదిక మీద ఒక కొరియా అమ్మాయి, చలాకీ పిల్ల, తల ఆడిస్తూ విని, ఆ ముక్కకి పాత అనువాదం ఏదీ దొరకలేదని, అది ఏ భాషో కూడా తమకి తెలియలేదని, తమకి అర్థమైనది ఆ ఒక్క మాటే కాబట్టి దానికి తగ్గట్టు రాశామని, నవ్వుతూ, సిగ్గూ ఎగ్గూ లేకుండా చెప్పింది. మాకు ఒక్క మాట తెలుసు, మిగతా మనిషిని మేమే కల్పించుకున్నాం అన్నట్టే కదా అది. మార్చండి, ఆ అక్షరాలు తీసేయండి, తెలియదని రాయండి, అన్నాను. తప్పకుండా ఆలోచిస్తాం అంది. కార్యక్రమం నడిపిస్తున్న అమ్మాయి మైకు అందుకుని, ఎంత హృద్యమైన జ్ఞాపకం పంచుకున్నారు ఆంటీ, అని నాకు చప్పట్లు కొట్టించింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, కొరికేదేమిటి అని అడిగాడట. వీళ్ళు ఇంకో ఆకు ఎక్కువే చదివారు, బాగా ఊదావని మెచ్చుకున్నారు. ఆ చప్పట్లు నాకు ఆ నవ్వు కంటే ఎక్కువ రోత పుట్టించాయి. తరవాత ప్రశ్న ఆ పచ్చడి ఇంట్లో పెట్టుకోవడం ఎలా అన్నది. దానికి వేదిక మీద అందరూ ఎంతో ఓపిగ్గా జవాబిచ్చారు.

కారులో ఇంటికి వస్తుంటే కోడలు, అల్ వుకైర్ మలుపు దగ్గర, ఆయన మాటలు నాకు సరిగ్గా అర్థం కాలేదత్తయ్యా, తెలంగాణ యాస కదా, కింద చదువుకుంటూ పోయాను, అంది. మా కోడలు పుట్టింది గుంటూరు. తెలుగు పిల్లే, తెలుగు వినబడుతుంటే ఇంగ్లీషు చదువుకుందిట. నాకు తిట్టాలని నోటిదాకా వచ్చింది. దాని కళ్ళు చూసి ఊరుకున్నాను. ఇంటికి వెళ్ళాక మా వారు ఆ ముక్కని ఫోనులో చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకుని, అప్పటి ఆ గోదావరి ఫోర్‌మాన్ పేరు తలచుకుని ఒక బూతు మాట అన్నారు. పెళ్ళయిన నలభై ఏళ్ళలో ఆయన నోట ఆ మాట నేను వినలేదు.

మర్నాడు పొద్దున రేగులపల్లికి వీడియో కాల్ చేశాను. దొరికిందమ్మా అని చెప్పాను. మనవరాలు ఫోను పట్టుకుంటే, నేను ఇటువైపు కోడలి ఫోనులో ఆ ముక్క పెట్టాను. కింది అక్షరాలు ఆవిడకి చదవడం రాదు కదా, ఆ అబద్ధం ఆవిడ దాకా పోదు, తమ్ముడి మాట మాత్రం పోతుంది, అంతే చాలు అనుకున్నాను. ఆ హాలు నవ్వు కూడా ఫోనులోకి ఎక్కి ఉంటుందన్న సంగతి నా మొద్దు బుర్రకి తట్టనే లేదు. తమ్ముడి మొహం కనబడగానే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మోకు మాట దగ్గర తల ఊపింది. ఆ తరవాత ఆ నవ్వు వచ్చింది, ఫోనులో ఇంకా పెద్దగా వినబడింది, నేను ఆపబోయి ఆపలేకపోయాను. నవ్వు తగ్గుతుండగా తాగలే అన్న మాట వచ్చింది, మా బావ తాగలే అన్న మాట వచ్చింది. అయిపోయింది. మళ్ళా పెట్టక్కా, అంది. మళ్ళీ పెట్టాను. రెండోసారి అయ్యాక కళ్ళు తుడుచుకుని, మావోడు మంచిగ చెప్పిండు, అంది. తరవాత అడిగింది.

“జనం ఎందుకు నవ్విన్రక్కా?”

వాళ్ళకి తెలుగు రాదు చెల్లీ అన్నాను.

“రాకుంటె ఏంది? మొకం కనవడ్తలేదా?”

ఫోను పెట్టేశాక నేను బాల్కనీలో కూర్చున్నాను. మా మెస్సు ఉన్న చోట ఇప్పుడు కార్లు కడిగే షాపు ఉంది, ఇక్కడి నుంచి దాని బోర్డు కనబడుతుంది. అక్కడ గోడకి కట్టిన దుప్పటి మీద ఒక్క అక్షరం ఉండేది కాదు, చాపల మీద కూర్చున్నవాళ్ళలో సంతకం రానివాళ్ళే ఎక్కువ, తెర మీద ముసలమ్మ ఏ దేశానిదో కూడా సగం మందికి తెలియదు. అయినా ఆవిడ గిన్నె మీద మూత పెట్టినప్పుడు మెస్సులో ఒక్కరూ నవ్వలేదు. మొన్నటి హాలులో అక్షరాలు రెండు భాషల్లో ఉన్నాయి, చల్లగా ఏసీ ఉంది, మెత్తటి కుర్చీలున్నాయి, అందరూ చదువుకున్నవాళ్ళే, మా కోడలితో సహా. ఆ చాపల మీద మనుషులు ఆ హాలులో ఉంటే చెల్లికి ఆ మాట అడగాల్సిన అవసరమే వచ్చేది కాదు.